కార్ఖానా జట్టును వదలని స్ట్రెల్సోవ్

ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ చేతికొస్తే మామూలు ఉద్యోగి ఏం చేస్తాడు? పై అధికారి కాళ్లావేళ్లా పడతాడు, సిఫారసు కోసం తిరుగుతాడు, చివరికి పెట్టె సర్దుకుంటాడు. ఫుట్‌బాల్ ఆటగాడికి ట్రాన్స్‌ఫర్ అంటే ఇవాళ కోట్ల రూపాయల బేరం. 1950లలో సోవియట్ యూనియన్‌లో మాత్రం అందులో డబ్బు మాటే ఉండేది కాదు. ఆటగాడిని పిలిచేది క్లబ్బే అయినా ఆ క్లబ్బు వెనకాల సైన్యమో, రహస్య పోలీసు శాఖో నిలబడి ఉండేది. అలాంటి రెండు క్లబ్బులు పిలిచినా రానని చెప్పిన ఒక కుర్రాడి కథ ఇది. అతని పేరు ఎడ్వార్డ్ స్ట్రెల్సోవ్. ఇంట్లో, మైదానంలో అందరికీ ఎడిక్. రష్యాలో పాతతరం అభిమానులు ఇప్పటికీ అతన్ని రష్యన్ పీలే అని పిలుచుకుంటారు.

స్ట్రెల్సోవ్ 1937 జులై 21న మాస్కో పక్కనున్న పెరోవోలో పుట్టాడు. చిన్నతనంలోనే యుద్ధం వచ్చింది. తండ్రి యుద్ధానికి వెళ్లాడు. యుద్ధం ముగిశాక కూడా ఇంటికి రాలేదు. కీవ్‌లో ఇంకో కాపురం పెట్టుకున్నాడు. తల్లి సోఫియా ఆరోగ్యం అంతంతమాత్రం. గుండె జబ్బు, ఆస్తమా. అయినా కొడుకును సాకడానికి ఫ్రేజర్ అనే పనిముట్ల ఫ్యాక్టరీలో పనికి వెళ్లేది. తిండికే కటకటలాడిన ఇల్లు అది. ఎడిక్‌కు దొరికిన ఒకే ఒక్క సుఖం ఫుట్‌బాల్. 13 ఏళ్లకే తల్లి పనిచేసే ఫ్యాక్టరీ జట్టులో పెద్దవాళ్లతో కలిసి ఆడాడు. 1953లో టార్పెడో మాస్కో క్లబ్బు కోచ్‌ల కంట్లో పడ్డాడు. మరుసటి ఏడాదే మొదటి జట్టులోకి వచ్చేశాడు.

టార్పెడో ఎలాంటి క్లబ్బో తెలిస్తేనే ఈ కథ అర్థమవుతుంది. అది మాస్కోలోని పెద్ద మోటారు కార్ఖానా జట్టు. లారీలు, నాయకులు తిరిగే పెద్ద కార్లు తయారయ్యే ఫ్యాక్టరీ అది. మొదట దానికి స్టాలిన్ పేరు ఉండేది. 1956 నుంచి ‘జిల్’ అయింది. ఆటగాళ్ల పేర్లు కార్ఖానా హాజరు పట్టీలో ఉండేవి. గ్యాలరీలో కూర్చుని కేకలు వేసేవాళ్లలో చాలామంది అక్కడ మూడు షిఫ్టుల్లో పనిచేసే కార్మికులే. వాళ్లకు టార్పెడో అంటే సొంతింటి జట్టు.

మన హైదరాబాదీలకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. రహీం సాబ్ తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచిన రోజుల్లో మన దగ్గర కూడా మంచి ఆటగాళ్లు పోలీసు, రైల్వే, మిలిటరీ వంటి శాఖల జట్లకే ఆడేవారు. ఉద్యోగం అక్కడే, ఆట కూడా అక్కడే. అయితే మాస్కోలో ఆ శాఖల బలం వేరు. ఆర్మీ జట్టుకు, అంటే ఇప్పటి సీఎస్‌కేఏకు, ఎవరైనా కుర్రాడు నచ్చితే సైనిక సర్వీసు పేరుతో పిలిపించుకోవచ్చు. డైనమో క్లబ్బు వెనకాల హోం శాఖ, రహస్య పోలీసులు. ఆ క్లబ్బుతో పెట్టుకున్నవాళ్ల గతి ఏమైందో అందరికీ తెలుసు. డైనమోకు ప్రత్యర్థి అయిన స్పార్టాక్ క్లబ్బు స్థాపకుడు నికొలాయ్ స్టారోస్టిన్‌ను 1942లో అరెస్టు చేశారు. ఆయనకు, ఆయన తమ్ముళ్లకు పదేసి ఏళ్ల శిక్ష పడింది. అప్పట్లో రహస్య పోలీసు అధిపతి బేరియా. ఆయన డైనమోకు వీరాభిమాని. బేరియా 1953లో పోయాడు గానీ ఆ భయం మాత్రం జనంలోంచి పోలేదు.

ఈ పరిస్థితుల్లో స్ట్రెల్సోవ్ ఒక్కసారిగా వెలుగులోకి వచ్చాడు. 1955లో సోవియట్ లీగ్‌లో 15 గోల్స్ కొట్టి అందరికంటే ముందు నిలిచాడు. అప్పటికి వయసు 18. అదే ఏడాది జూన్ 26న స్టాక్‌హోంలో స్వీడన్ మీద దేశం తరఫున మొదటి మ్యాచ్. సోవియట్ జట్టు 6-0తో గెలిచింది. మొదటి సగంలోనే స్ట్రెల్సోవ్ హ్యాట్రిక్ చేసేశాడు. రెండో మ్యాచ్ మన దేశంతోనే. సెప్టెంబరులో మాస్కో వెళ్లిన భారత జట్టును సోవియట్‌లు 11-1తో చిత్తు చేశారు. అందులో కూడా అతనిది హ్యాట్రిక్. మంచి ఎత్తు, దిట్టమైన ఒళ్లు, నుదుటి మీద ఎగదువ్విన జుట్టు. డిఫెండర్ భుజం ఆనించినా కదిలేవాడు కాదు. కానీ అతని అసలు అస్త్రం మడమ. ముందుకు పరిగెడుతూనే వెనక్కి చూడకుండా మడమతో బంతిని సహచరుడికి అందించేవాడు. ఆ సహచరుడు చాలాసార్లు వాలెంటిన్ ఇవనోవ్. టార్పెడోలో, దేశ జట్టులో వాళ్లిద్దరి జోడీ చూడటానికే జనం స్టేడియానికి వచ్చేవారు.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ మన వాళ్లు కూడా మరచిపోని టోర్నీ. రహీం సాబ్ కోచ్‌గా, బలరాం, నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ లాంటి మన ఊరి ఆటగాళ్లతో వెళ్లిన భారత్ సెమీఫైనల్ ఆడి నాలుగో స్థానంలో నిలిచింది. రెండో సెమీఫైనల్ సోవియట్, బల్గేరియా మధ్య. తొంభై నిమిషాల్లో గోల్ పడలేదు. అదనపు సమయంలో బల్గేరియా ముందు కొట్టింది. అప్పటికే సోవియట్ జట్టులో ఇవనోవ్ గాయంతో కుంటుతున్నాడు, డిఫెండర్ టిష్చెంకోకు మెడ దగ్గరి ఎముక విరిగింది. అప్పట్లో సబ్‌స్టిట్యూట్ అనే మాటే లేదు. దాదాపు తొమ్మిది మందితో ఆడుతున్న లెక్క. 112వ నిమిషంలో స్ట్రెల్సోవ్ స్కోరు సమం చేశాడు. నాలుగు నిమిషాల తర్వాత టటుషిన్ గెలుపు గోల్ కొట్టాడు. దాని వెనక కూడా స్ట్రెల్సోవ్ పాత్రే ఉంది.

ఇంత చేసినా ఫైనల్లో అతన్ని ఆడించలేదు. ముందువరుసలో ఒకే క్లబ్బుకు ఆడే జోడీ ఉండాలని కోచ్ కచాలిన్ పట్టుదల. ఇవనోవ్ గాయపడ్డాడు కాబట్టి స్ట్రెల్సోవ్ కూడా పక్కన కూర్చున్నాడు. అతని స్థానంలో సిమోన్యాన్ ఆడాడు. సోవియట్ 1-0తో యుగోస్లావియాను ఓడించి బంగారం గెలిచింది. ఫైనల్ ఆడినవాళ్లకే పతకం ఇవ్వడం అప్పటి రూలు. సిమోన్యాన్ మనసు ఒప్పుకోక తన పతకం తీసుకోమని స్ట్రెల్సోవ్ దగ్గరికి వచ్చాడు. అతను తీసుకోలేదు. తనకింకా చిన్న వయసేనని, ముందు ముందు ఎన్నో గెలుస్తానని చెప్పి పంపేశాడు. అప్పటికి అతనికి 19 ఏళ్లు.

ఇక పెద్ద క్లబ్బుల కన్ను పడకుండా ఎలా ఉంటుంది? ఆర్మీ జట్టు రమ్మంది. డైనమో రమ్మంది. టార్పెడో అప్పటికి ఒక్కసారి కూడా లీగ్ గెలవలేదు. డైనమో, ఆర్మీ జట్లకైతే టైటిళ్లు, హోదాలు, ర్యాంకులు అన్నీ ఉన్నాయి. మామూలు కుర్రాడైతే ఎగిరి గంతేసి పోయేవాడు. స్ట్రెల్సోవ్ రెండింటికీ వెళ్లనన్నాడు. అతను రాజకీయాలు పట్టించుకునే మనిషి కాదు, తిరుగుబాటుదారు అసలే కాదు. తనను చేరదీసిన కార్ఖానా అక్కడ ఉంది, కళ్లు మూసుకుని బంతి వదిలినా అందుకునే ఇవనోవ్ అక్కడ ఉన్నాడు. ఫ్యాక్టరీ కూలితో పెరిగిన పిల్లాడు ఫ్యాక్టరీ జట్టులోనే ఉండిపోయాడు. మన భాషలో చెప్పాలంటే అది వఫాదారీ. పైవాళ్లకు మాత్రం అది పొగరులా కనిపించింది.

అతనిలో తప్పులు లేవని కాదు. తాగేవాడు. తాగి గొడవలు పడ్డాడు. మైదానంలో కోపం ఆపుకోలేక బయటికి పంపించుకున్న రోజులున్నాయి. పత్రికలు అతన్ని చెడిపోయిన కుర్రాడిగా రాయడం మొదలుపెట్టాయి. 1957 నవంబరులో పోలండ్‌తో లైప్‌జిగ్‌లో ప్రపంచకప్ అర్హత మ్యాచ్ ఉంటే, అతనూ ఇవనోవ్ మాస్కోలో రైలే మిస్సయ్యారు. కారులో వెంటపడి దారిలో రైలు ఆపించి ఎక్కారు. కాలు నొప్పితోనే దిగి మొదటి గోల్ కొట్టాడు. సోవియట్ 2-0తో గెలిచి మొదటిసారి ప్రపంచకప్‌కు అర్హత సంపాదించింది. ఆ ఏడాది యూరప్ ఉత్తమ ఆటగాడి ఓటింగులో అతనికి ఏడో స్థానం.

క్రెమ్లిన్ విందు కథ ఒకటి కూడా ఉంది. ఒలింపిక్ విజయం తర్వాత జరిగిన ఆ విందులో పార్టీ అగ్రనాయకురాలు యెకటెరీనా ఫుర్ట్‌సేవా తన కూతురి పెళ్లి ప్రస్తావన తెచ్చిందని, స్ట్రెల్సోవ్ తనకు కాబోయే భార్య ఉందని చెప్పాడని, ఆ తర్వాత తాగిన మత్తులో ఆ అమ్మాయి గురించి నోరు జారాడని చెబుతారు. విదేశాల నుంచి తిరిగి రావాలంటే బాధగా ఉంటుందని అతనన్న మాట కూడా పార్టీ ఫైలులోకి ఎక్కిందంటారు. రెండు పెద్ద క్లబ్బులకు కాదన్నవాడు, అగ్రనాయకురాలికి కోపం తెప్పించినవాడు, పరాయి దేశం మీద మనసున్నవాడు... కాగితం మీద ఇవన్నీ కలిస్తే మనిషి ఎలా కనిపిస్తాడో ఊహించుకోవచ్చు.

1958 మే 25. స్వీడన్ ప్రపంచకప్‌కు రెండు వారాలే ఉంది. జట్టు తరసోవ్కా శిబిరంలో ఉంది. ఒక రోజు సెలవు దొరికింది. స్పార్టాక్ ఆటగాళ్లు టటుషిన్, ఒగోన్కోవ్‌లతో కలిసి స్ట్రెల్సోవ్ ఒక సైనిక పైలట్ ఇంట్లో విందుకు వెళ్లాడు. అందరూ బాగా తాగారు. మరునాడు ముగ్గురినీ అరెస్టు చేశారు. విందుకు వచ్చిన 20 ఏళ్ల యువతిపై అత్యాచారం చేశాడని స్ట్రెల్సోవ్ మీద ఆరోపణ. మిగతా ఇద్దరి మీద కేసు ఎత్తేసినా ఆట నుంచి నిషేధించారు. స్ట్రెల్సోవ్ నేరం ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటే ప్రపంచకప్‌కు పంపిస్తామని ఆశ పెట్టారని తర్వాత అతని వైపు వాళ్లు చెప్పారు. కోచ్ కచాలిన్ పార్టీ ఆఫీసుల చుట్టూ తిరిగాడు. విషయం క్రుశ్చేవ్ దాకా వెళ్లిందని, ఇక ఎవరి చేతుల్లో ఏమీ లేదని ఆయనకు జవాబు దొరికింది. జులైలో కోర్టు 12 ఏళ్ల శిక్ష వేసింది.

ఇక్కడ ఒక్క మాట నిదానంగా ఆలోచించాలి. స్ట్రెల్సోవ్‌ను కావాలనే ఇరికించారని రష్యాలో ఎంతోమంది నమ్ముతారు. సాక్ష్యాల్లో పొంతన లేదని, విచారణ సరిగ్గా జరగలేదని కేసు కాగితాలు చూసినవాళ్లు రాశారు. 2001లో చదరంగం చాంపియన్ అనటోలీ కార్పోవ్ నాయకత్వంలో అతని పేరు మీద మచ్చ చెరిపేయాలని ఒక కమిటీ కూడా ప్రయత్నించింది. అయినా ఆ తీర్పు ఇప్పటికీ కొట్టుడుపోలేదు. ఇంకో వైపు ఆ యువతి ఉంది. అభిమానుల కథల్లో ఆమెకు చోటు దొరకదు. ఆటగాడు గొప్పవాడైనంత మాత్రాన ఆమె చెప్పింది అబద్ధమని తేల్చే హక్కు మనకు లేదు. అలాగే, దర్యాప్తును రాజకీయం తన గుప్పిట్లో పెట్టుకున్న చోట ఇద్దరికీ న్యాయం జరగదన్నది కూడా నిజం. సరైన విచారణ జరిగి ఉంటే ఆమెకూ నిజం దక్కేది, అతనికీ దక్కేది.

అప్పట్లో జిల్ కార్ఖానా కార్మికులు నిరసన ఊరేగింపుకు సిద్ధమయ్యారు. సోవియట్ దేశంలో ఒక ఆటగాడి కోసం వీధిలోకి రావాలనుకోవడం చిన్న విషయం కాదు. అధికారులు నచ్చజెప్పి ఆపించారు. స్వీడన్‌లో సోవియట్ జట్టు క్వార్టర్ ఫైనల్లో ఆతిథ్య దేశం చేతిలో 0-2తో ఓడింది. మూడేళ్ల కిందట 17 ఏళ్ల స్ట్రెల్సోవ్ హ్యాట్రిక్ కొట్టిన స్టాక్‌హోంలోనే, ఇంకో 17 ఏళ్ల కుర్రాడు ఫైనల్లో రెండు గోల్స్ కొట్టి బ్రెజిల్‌కు కప్పు తెచ్చిపెట్టాడు. పీలే అనే పేరు ప్రపంచమంతా మారుమోగిన ఆ రోజున, స్ట్రెల్సోవ్ జైల్లో విచారణ కోసం ఎదురుచూస్తున్నాడు.

అతన్ని కీరోవ్ ప్రాంతంలోని వ్యాట్‌లాగ్ శిబిరానికి పంపారు. చలి, అడవి, కలప మోత. తోటి ఖైదీ ఒకడు ఘోరంగా కొట్టడంతో నాలుగు నెలలు ఆసుపత్రిలో పడి ఉన్నాడు. ఖైదీల్లో గొడవలు పెరిగినప్పుడు శిబిరం అధికారులు ఫుట్‌బాల్ మ్యాచ్ పెట్టించేవారట. స్ట్రెల్సోవ్ ఆడుతున్నాడంటే కాసేపు అందరూ శాంతించేవారు. తల్లికి ఉత్తరాలు రాసేవాడు. పెళ్లయిన ఏడాదికే జైలు పాలైనవాడి కాపురం నిలవలేదు. బయట టార్పెడో 1960లో ఇవనోవ్ నాయకత్వంలో మొదటిసారి లీగ్ గెలిచింది. కప్పు కూడా గెలిచింది. ఏ జట్టును వదలనన్నాడో ఆ జట్టు గెలిచిన రోజున అతను అక్కడ లేడు.

1963 ఫిబ్రవరిలో విడుదలయ్యాడు. దాదాపు అయిదేళ్లు పోయాయి. పెద్ద స్థాయిలో ఆడకూడదని నిషేధం అలాగే ఉంది. అతను నేరుగా జిల్ కార్ఖానాకే వెళ్లాడు. పని ఇచ్చారు. పని చేసుకుంటూ కార్ఖానా సాంకేతిక కళాశాలలో చదువుకున్నాడు. సాయంత్రాలు కార్మికుల అమెచ్యూర్ జట్టులో ఆడాడు. ఆ మ్యాచ్‌లకు కూడా వేలల్లో జనం వచ్చేవారు. ఒకసారి గోర్కీ నగరంలో అతన్ని దింపవద్దని పైనుంచి హుకుం వచ్చిందని, జనం కేకలు వేస్తూ పేపర్లు తగలబెట్టి గొడవ చేస్తే చివరికి దింపక తప్పలేదని చెబుతారు.

1964 అక్టోబరులో క్రుశ్చేవ్ పదవి పోయింది, బ్రెజ్నెవ్ వచ్చాడు. స్ట్రెల్సోవ్‌ను ఆడనివ్వాలని వేల సంతకాలతో అర్జీ పైకి వెళ్లింది. నిషేధం ఎత్తేశారు. 1965 సీజన్‌లో టార్పెడో తెల్ల జెర్సీతో మళ్లీ మైదానంలోకి వచ్చాడు. జుట్టు పలచబడింది, ఒళ్లు బరువెక్కింది, వేగం తగ్గింది. కానీ బుర్ర పదునెక్కింది. పరిగెత్తే పని బంతికి అప్పజెప్పి తను నిలబడి ఆట నడిపించాడు. ఆ ఏడాది 12 గోల్స్ కొట్టాడు. టార్పెడో లీగ్ చాంపియన్ అయింది. ఈసారి అతను జట్టుతోనే ఉన్నాడు.

1966 ప్రపంచకప్‌కు ఇంగ్లండ్ వెళ్లే జట్టులో అతనికి చోటు దక్కలేదు. 1958, 1962, 1966... వరుసగా మూడు ప్రపంచకప్‌లు అతను లేకుండానే గడిచిపోయాయి. ఆ టోర్నీ అయ్యాక దేశ జట్టులోకి తిరిగి తీసుకున్నారు. 1967లో, 1968లో వరుసగా సోవియట్ ఉత్తమ ఆటగాడిగా ఎంపికయ్యాడు. 1968లో లీగ్‌లో 21 గోల్స్ చేశాడు. ముప్పై దాటిన వయసులో అతని కెరీర్‌లోకెల్లా అదే పెద్ద లెక్క. అదే ఏడాది టార్పెడో సోవియట్ కప్ గెలిచింది. 1970లో ఆట వదిలేశాడు. లీగ్‌లో 222 మ్యాచ్‌లు, 99 గోల్స్. దేశానికి 38 మ్యాచ్‌లు, 25 గోల్స్. లీగ్‌లో ఆడిన ప్రతి మ్యాచ్ టార్పెడో కోసమే.

ఆ తర్వాత అదే క్లబ్బులో పిల్లలకు ఆట నేర్పాడు. శిబిరం రోజుల గురించి, ఆ రాత్రి గురించి పెద్దగా మాట్లాడేవాడు కాదని తెలిసినవాళ్లు చెబుతారు. ఎవరి మీదా కోపం చూపించలేదు. గొంతు క్యాన్సర్‌తో 1990 జులై 22న కన్నుమూశాడు. 53వ పుట్టినరోజు అంతకు ముందురోజే గడిచింది.

ఇవాళ మాస్కోలో టార్పెడో స్టేడియానికి ఎడ్వార్డ్ స్ట్రెల్సోవ్ పేరే ఉంది. లుజ్నికి స్టేడియం ఆవరణలోనూ అతని విగ్రహం ఉంది. మడమతో వెనక్కి వేసే పాస్‌ను రష్యాలో ఇప్పటికీ స్ట్రెల్సోవ్ పాస్ అంటారు. అతన్ని జైలుకు పంపింది పెద్ద క్లబ్బుల కోపమా, నాయకురాలి పగా, లేక ఆ రాత్రి అతను నిజంగానే చేసిన నేరమా అన్నది ఇవాళ ఎవరూ తేల్చలేరు. తేలిన సంగతి ఒకటి ఉంది. వెళ్లమని ఒత్తిడి వచ్చినప్పుడు అతను ఏ కార్ఖానా జట్టును వదలలేదో, అయిదేళ్ల తర్వాత ఖైదీ బట్టలు విప్పి వచ్చినవాడికి ఆ కార్ఖానానే గేటు తెరిచింది. పని ఇచ్చింది, చదువు చెప్పించింది, మళ్లీ బంతి చేతికిచ్చింది.